తిరుగు టపాలో వచ్చిన వ్రాతప్రతి

గ్రంథము వ్రాయువాడొకడు. దానిని పరిశీలించి, సవరించి, అచ్చున కెక్కించు సంపాదకుడొకడు. వీరిరువురి నడుమ నడచు ఉత్తర ప్రత్యుత్తరములను గూర్చి కొంత ముచ్చటింపుడని ఆకాశవాణివారు నన్ను కోరిరి. నేను గ్రంథకర్తను గాను. ముప్పదియైదేండ్లు బడిలో తెలుగు చెప్పి విరమించిన ఉపాధ్యాయుడను. అయినను ఒప్పుకొంటిని. ఏలయనగా అట్టి ఉత్తరమొకటి నా చేతిమీదుగా పోయినది. దాని సంగతి కడపట చెప్పెదను. ముందుగా మీరందరు పేరు విన్న యొక మహానుభావుని కథ చెప్పి, ఆ నీడలో నా కథ చెప్పుకొందును.

శ్రీనివాస రామానుజము అను గణితజ్ఞుడు 1887 వ సంవత్సరము డిసెంబరు 22 వ తేదీన ఈరోడులో జన్మించి, కుంభకోణములో పెరిగెను. గణితము తప్ప వేరు చదువు తలకెక్కక కళాశాలలో తప్పెను. విద్యార్థి వేతనము పోయెను. 1905 లో ఇంట చెప్పకుండ బయలుదేరి మన విశాఖపట్టణమునకు వచ్చెను. ఆ పదునేడేండ్ల పిల్లవాడు మన వీథులలో ఎవరి యరుగుపై కూర్చుండెనో, ఎవరింట పిడికెడన్నము తినెనో యెరిగినవారు లేరు. తరువాత ఇల్లు చేరెను.

ఇతనికి గురువు మనుష్యుడు కాదు, ఒక పుస్తకము. కార్ అను ఆంగ్లేయుడు విద్యార్థులను పరీక్షలకు సిద్ధపరచుటకై కూర్చిన సంగ్రహమది. సుమారు అయిదువేల గణిత సిద్ధాంతములు వరుసగా నుండును. ఉపపత్తులు మాత్రము లేవన్నంత తక్కువ. ఏది నిజమో చెప్పును గాని ఏల నిజమో చెప్పదు. మన సూత్రగ్రంథముల వంటిదనుకొనుడు. సూత్రకారుడు అరమాత్ర తగ్గినను పుత్రోత్సవముగా సంతసించునని వైయాకరణులందురు గదా. అయితే మనకు సూత్రము వెంట వృత్తియు, వృత్తి వెంట భాష్యమును, ఆపైన గురుముఖమును గలవు. రామానుజమునకు సూత్రమే దక్కినది. భాష్యమును తన బుద్ధిలోనే చెప్పుకొనెను.

దీనికి తోడు పేదరికము. కాగితము కొను శక్తి లేదు. పలకపై లెక్క వేయుట, మోచేతితో తుడుచుట, మరల వేయుట; తుదకు తేలిన ఫలము మాత్రము నోటుపుస్తకములో నెక్కించుట. నడిమి మెట్లన్నియు మోచేతి క్రింద పోయినవి. ఆ మోచేయి నల్లబడి గరుకెక్కి యుండెనట. 1910 వ సంవత్సరము చివర ఆ పుస్తకము చంకబెట్టుకొని నెల్లూరు వచ్చి కలెక్టరు ఆర్. రామచంద్రరావుగారిని దర్శించెను. ఆయన భారత గణితశాస్త్ర సంఘమునకు కార్యదర్శి. మొదట సందేహించినను తరువాత గుర్తించి, నెలకు 25 రూపాయలు తన చేతినుండి ఇచ్చుచు వచ్చెను. నెల్లూరివారు చెప్పుకొనదగిన మాట యిది.

ఇక మన విషయము. ఆ గణిత సంఘమునకు ఒక పత్రిక యుండెను. సంపాదకుడు బెంగుళూరు సెంట్రల్ కళాశాలలో గణితాచార్యుడైన ఎమ్. టి. నారాయణయ్యంగారు. 1911 లో రామానుజము ఆ పత్రికకు మొదట ప్రశ్నలు పంపెను. అందొకటి మీకు చెప్పెదను, పలక దగ్గరనున్నవారు వ్రాసికొనుడు. మూడునకు వర్గము తొమ్మిది. తొమ్మిదియనగా ఒకటియు, రెండు నాలుగుల ఎనిమిదియు. ఆ నాలుగు పదునారునకు వర్గమూలము. పదునారనగా ఒకటియు, మూడైదుల పదునైదును. ఆ అయిదు ఇరువదియైదునకు మూలము. అది ఒకటియు, నాలుగారుల ఇరువదినాలుగును. ఇట్లు ఒక మూలము కడుపులో నింకొక మూలము, దాని కడుపులో వేరొకటి, అంతులేక పోవును. ఎంత పోయినను మొత్తము విలువ మూడే. రామానుజము ఈ మొదటి మెట్టు దాచి, లోపలి మూలముల వరుసను మాత్రము పత్రికలో నిలిపి, దీని విలువయెంతయని యడిగెను. మూడు సంచికలు వచ్చిపోయినను ఒక్కరును జవాబు పంపలేదు. తుదకు అతడే పంపెను. చెప్పినపిమ్మట ఎంత సులభముగా నున్నదో చూచితిరా!

తరువాత ఒక వ్యాసము పంపెను. ఒకటి మొదలు నూరు వరకు గల అంకెలను కూడిన 5050 వచ్చునని మీరెరుగుదురు. అంకెలకు బదులు వాని వర్గములను, ఘనములను, ఆపై ఘాతములను కూడుటకు సూత్రములు కట్టినపుడు కొన్ని సంఖ్యలు మరల మరల తలయెత్తును. వానిని బెర్నూలీ సంఖ్యలందురు. ఆ సంఖ్యల గుణములను గూర్చిన వ్యాసమది. నారాయణయ్యంగారు పుట తెరచి చూచెను. అందు అడుగడుగునకు గోడ దూకినట్లుండెను గాని మెట్లు లేవు. ఆ రీతి మిక్కిలి క్లుప్తము, క్రొత్తది. సామాన్య పాఠకుడు వెంట నడువలేడు. ఇది సంపాదకుడు తరువాత తానే చెప్పిన మాట. ఆయన వ్యాసమును చెత్తబుట్టలో వేయలేదు. ఉన్నదున్నట్లు అచ్చు వేయనులేదు. తిప్పి పంపెను. సవరించి పంపగా మరల తిప్పి పంపెను.

ఇచ్చట ఒక్క నిమిషము నిలువవలెను. ఆనాడు రామానుజమునకు ఉద్యోగము లేదు, పట్టము లేదు. ఈ వ్యాసము అచ్చుపడిననే పదిమంది విద్వాంసుల దృష్టి పడును. అట్టివాడు తిరిగి వచ్చిన కట్టను చూచి ఏమనుకొనవలెను? నాకంటె తక్కువ యెరిగినవాడు నాకు వంక పెట్టెనని కోపగింపవచ్చును. అది కొంత నిజమును. ఆయినను అతడు మరల కూర్చుండి వ్రాసెను. 1911 లోనే ఆ వ్యాసము వెలువడెను. అందు ఎనిమిది సిద్ధాంతములు. మూడింటికి ఉపపత్తి చూపెను. రెండింటిని వేరు సిద్ధాంతముల నుండి తేలునవిగా చెప్పెను. తక్కిన మూడింటిని ఊహలుగా విడిచెను. ఏది నిరూపితము, ఏది ఊహ యను ఆ వింగడింపు లోకమునకు దక్కినదంటే, తిప్పి పంపిన ఆ చేతి చలువ కొంత గలదని నా తలంపు.

అయినను సంపాదకుని కన్ను దాటిన తప్పొకటి అందు నిలిచిపోయెను. ఆ సంఖ్యలను ఒక విధముగా భాగించి సంక్షేపించిన, పైనుండు లవము ఒకటిగానో, ప్రధాన సంఖ్యగానో యుండునని రామానుజము వ్రాసెను. ప్రధాన సంఖ్యయనగా వేరొకదానిచే భాగింపబడనిది. పదునెనిమిదవ సంఖ్య వరకు అట్లే యుండును. ఇరువదవ దానికి పై లవము 174611. అది 283 ను 617 తో హెచ్చించిన వచ్చును. కావున ప్రధానము కాదు. పదునెనిమిది వరకు సరిపోయిన మాట ఇరువదవ చోట విరిగెను. ఈ సంగతి జ్ఞాపకముంచుకొనుడు. నా కథలో మరల వచ్చును.

తక్కిన కథ మీలో పలువు రెరిగినదే గనుక త్వరగా దాటెదను. 1912 మార్చిలో మద్రాసు రేవు కార్యాలయమున నెలకు 30 రూపాయల గుమాస్తా. 1913 జనవరి 16 వ తేదీన కేంబ్రిడ్జిలోని హార్డీ పండితునకు జాబు. హార్డీయు అయ్యంగారడిగినదే యడిగెను: ఉపపత్తులెక్కడ? రామానుజము కొంచెము నొచ్చుకొనెను. తన పద్ధతి జాబులో చెప్పిన నవ్వుదురేమోయను భయమొకటి. ముందు అన్నము దొరికిన బుద్ధి నిలుచునను మాట యొకటి. 1914 లో సీమకు పోయెను. అక్కడ హార్డీ ప్రక్కన కూర్చుండి అతని వ్రాతను లోకము చదువదగిన రూపమునకు తెచ్చెను. 1915 లో అచ్చయిన యొక దీర్ఘవ్యాసములో కొంత భాగమును మాత్రము, లండను గణిత సంఘమువారికి డబ్బు చాలక, విడిచివేసిరి. ఆ విడిచిన భాగము 1997 లో అచ్చయ్యెను. ఎనుబదిరెండేండ్లు! రామానుజము 1920 ఏప్రిలు 26 వ తేదీననే గతించెను. అతని నోటుపుస్తకములు 1957 లో బొంబాయిలో ఉన్నవి యున్నట్లు ఛాయాప్రతులుగా వెలువడెను. అందలి మూడువేలకు పైబడిన ఫలితములకు ఉపపత్తులు కూర్చుచు అమెరికాలో బెర్ంట్ అను ఆచార్యుడు 1985 మొదలు 1998 వరకు అయిదు సంపుటములు వెలువరించెను. మోచేయి తుడిచినదానిని మరల వ్రాయుటకు ఒక మనుష్యుని జీవితములో ఇంత భాగము పట్టినది.

ఇక నా కథ.

మా గురువుగారు కోనసీమలో నొక అగ్రహారమున నుండెడివారు. వ్యాకరణము, ఛందస్సు వారి సొత్తు. కవిత్వము వ్రాయరు, గణమేల వచ్చెను, యతియేల తప్పెనని విచారింతురు. ఛందశ్శాస్త్రములో ప్రస్తారమను భాగము కలదు. పాదమునకు ఇన్ని అక్షరములని యేర్పరచిన, గురులఘువులను మార్చి మార్చి ఎన్ని వృత్తములు పుట్టునో వరుసగా వ్రాయుటయే ప్రస్తారము. నాలుగక్షరముల పాదమునకు 16, ఆరక్షరములకు 64. ఇన్నింటిలో పదునొకండవది యెట్లుండునని యడిగిన, వరుసయంతయు వ్రాయకుండ చెప్పు ఉపాయమును నష్టమందురు. సంఖ్య సరియైన లఘువు వ్రాసి సగము చేయుము. బేసియైన గురువు వ్రాసి, ఒకటి కలిపి సగము చేయుము. పదునొకండు బేసి: గురువు. ఒకటి కలిపి సగము చేసిన ఆరు. సరి: లఘువు. సగము మూడు. బేసి: గురువు. ఒకటి కలిపి సగము రెండు. సరి: లఘువు. గురువు, లఘువు, గురువు, లఘువు. అంతే.

ఈ నష్టోద్దిష్టములు, మేరువు, పతాక మొదలగువానిని గూర్చి మా గురువుగారు తెలుగు పద్యములలో నొక చిన్న గ్రంథము కూర్చిరి. పూర్వుల మార్గములతోబాటు తాము క్రొత్తగా కనిపెట్టిన సులభోపాయములును అందుండెను. నూటికి పైబడిన పద్యములు. టీక లేదు, ఉదాహరణము లేదు. 1978 లో నేను వారియొద్ద చదువుకొనుచుంటిని. నాకప్పుడు ఇరువదియొక్క యేడు. వారికి రెండు కన్నులకును శుక్లములు వచ్చెను. చదువుట, వ్రాయుట నా వంతు. గ్రంథమును నేనే సాపు వ్రాసి ఒక సాహిత్య మాసపత్రికకు పంపితిని. ఆ పత్రిక పేరు చెప్పను. అది నిలిచిపోయి చాలకాలమైనది.

నెలన్నరకు సంపాదకుని జాబు వచ్చెను. గ్రంథము మిక్కిలి విలువైనది, వరుసగా అచ్చువేయుదుము, అయితే ఈ పదునాలుగు ప్రశ్నలకు సమాధానములు కావలెనని వ్రాసిరి. పుట, పద్యము, పాదము సంఖ్యలతో ప్రశ్నలు వరుసగా నుండెను. మొదటిది, బేసియైనపుడు ఒకటి యేల కలుపవలెను? ఆరవది, కోష్ఠమను మాట రెండుచోట్ల రెండర్థములలో వచ్చినది, ఏదొకటి మార్చెదరా? పదునొకండవది, మాత్రాపతాకను గూర్చి మీరు చెప్పిన సులభోపాయమునకు హేతువేమి?

నేను చదివి వినిపించితిని. నాకు ఒళ్లు మండెను. గురువుగారు కొంతసేపు ఊరకుండి, తల ఊపి, ‘‘బాగా చదివినాడురా. నిజముగా చదివినవాడు తప్ప ఈ ఆరవ ప్రశ్న యడుగలేడు. వ్రాయుము: మీ ప్రశ్నలు సమంజసములు. రెండు నెలల గడువిండు. ఉదాహరణములతో, హేతువులతో పంపెదను’’ అని చెప్పిరి.

అట్లే వ్రాసితిని. వ్రాసి, సంతకమునకు పైన మిగిలిన చోటులో నా మాట రెండు పంక్తులు చేర్చితిని. గురుముఖమున ఛందస్సు నేర్వనివారికి ఇట్టి సందేహములు కలుగుట సహజమనియు, అట్టివారికి అక్షరాభ్యాసము చేయించుట మా పని కాదనియు దాని సారాంశము. గురువుగారి చేయి పట్టి సంతకము చోటు చూపితిని. వారు సంతకము చేసిరి. నేనే కవరు అంటించితిని.

ఆ పని చేయునపుడు నాకు జంకు కలుగలేదు. గురుభక్తియనుకొంటిని. ఆ వయస్సున భక్తికిని గర్వమునకును తేడా తెలియదు.

ఇరువది దినములకు రిజిస్టరు కట్ట తిరిగి వచ్చెను. లోపల నాలుగు పంక్తుల జాబు. మొదటి పంక్తిలో, మీ యంతటి పెద్దల నుండి ఇట్టి మాట రాగలదని తలంపలేదని యుండెను. తక్కినది, గ్రంథమును తిప్పి పంపుచున్నామని మర్యాదగా వ్రాసినది. గురువుగారు అరుగుమీదనుండి, ‘‘ఏమిరా అబ్బాయీ, ఏమన్నారు?’’ అనిరి. నేను మొదటి పంక్తి విడిచి తక్కినది చదివితిని.

‘‘పోనీలే. వారికి పుటలు చాలవు కాబోలు,’’ అనిరి.

అప్పటికే మొదటి మూడు ప్రశ్నలకు సమాధానములు చెప్పి నాచేత వ్రాయించియుండిరి. సాయంకాలము దీపము పెట్టినపిమ్మట కూర్చుండెడివారము. కట్ట వచ్చిన మరునాడు నేను కాగితములు తెచ్చితిని. ‘‘ఇక నెవరికిరా?’’ అని వారు లేచి లోపలికి పోయిరి. పిమ్మట ఆ ప్రసంగము మరల రాలేదు. మరుసటి యేడు నాకు ఉద్యోగము వచ్చి దూరపు ఊరు పోయితిని. సెలవులకు వచ్చినపుడు చెప్పుదునని ఎన్నోసారులు అనుకొంటిని. అరుగు వరకు వచ్చి, కుశలప్రశ్నలు వేసి, తిరిగి పోయెడివాడను. 1984 లో వారు కాలము చేసిరి. ఆ సంపాదకుడును తరువాత కొన్నేండ్లకు పోయెను. క్షమింపుమని యడుగుటకు ఇరువురిలో నొక్కరును మిగులలేదు.

ఉద్యోగము విరమించినపిమ్మట ఆ కట్ట విప్పితిని. సంపాదకుని మొదటి జాబు అందులోనే యుండెను. ఈమారు కోపము లేని కన్నులతో చదివితిని. పదునాలుగు ప్రశ్నలలో వ్యర్థమైనది ఒక్కటియు లేదు. ఒక్కొక్క ప్రశ్న వేయుటకు ఆయన పద్యమును పదిమారులు చదివియుండవలెను. ఒకచోట ఆయనయే ప్రస్తారము వేసి చూచుకొన్న గుర్తు జాబు అంచున పెన్సిలుతో కలదు. నేను అక్షరాభ్యాసము కావలెనన్నది ఆయనకు!

నాలుగేండ్లు కూర్చుండి సమాధానములు వ్రాసితిని. మొదటి మూడు గురువుగారివి. ఒకటి కలుపుటకు కారణము తెలియుట అంత కష్టము కాదు. ప్రస్తారములో మొదటి యక్షరము గురువు, లఘువు, గురువు, లఘువు అని మారుచు పోవును గనుక, వరుసలు జంటలు జంటలుగా నుండును. సరిసంఖ్య జంటలో రెండవది, బేసిసంఖ్య మొదటిది. ఎన్నవ జంటయో తెలియవలెనన్న, బేసిదానికి దాని జతను చేర్చుకొని సగము చేయవలెను. బడిపిల్లవానికిని చెప్పవచ్చును. తక్కినవి నేను పూర్వగ్రంథములు చూచి, కొన్ని తడుముకొని, పూరించితిని.

పదునొకండవది మాత్రము చిక్కలేదు. మాత్రాప్రస్తారములో రూపముల లెక్క ఒకటి, రెండు, మూడు, అయిదు, ఎనిమిది, పదుమూడు అని, వెనుక రెండింటిని కూడిన ముందుది వచ్చునట్లు పెరుగును. అందు ఇన్ని గురువులు గల రూపములు ఏయే స్థానములలో పడునో చూపునది పతాక. గురువుగారు దానికొక దగ్గరిదారి యొక్క పద్యములో చెప్పిరి. పది మాత్రలకు 89 రూపములు చేతితో వ్రాసి సరిచూచితిని, తప్పలేదు. పండ్రెండు మాత్రలకు 233 రూపములు వ్రాసితిని, తప్పలేదు. మా యింటివారు ఈ ముసలివానికి పిచ్చిపట్టినదనిరి. అయితే రామానుజము మాట పదునెనిమిది వరకు సరిపోయి ఇరువదింట విరిగినది గదా. సరిపోవుట వేరు, హేతువు వేరు. ఆ హేతువు 1978 లో ఒక సాయంకాలము దీపము వద్ద నాకు చెప్పబడవలసినది.

పోయిన సంవత్సరము గ్రంథమును ఒక ప్రచురణకర్తకు పంపితిని. అక్కడ పరిష్కరించునది ఒక అమ్మాయి. మా మనుమరాలి యీడుదట. మూడు నెలలకు ఆమెనుండి తొమ్మిది ప్రశ్నలు వచ్చినవి. ఎనిమిదింటికి కావలసినది పుస్తకములోనే యున్నది, నేను చోటు సరిగా చూపలేదు. తొమ్మిదవది ఆ పాత పదునొకండవదే. తాతగారూ, ఈ పద్యమునకు హేతువు వ్రాయుట మరచినారా యని యడిగినది.

మరువలేదనియు, నాకు తెలియదనియు, తెలియకపోవుటకు కారణము నేనేయనియు, రెండు పుటలలో జరిగినదంతయు వ్రాసితిని. ఆ పద్యము క్రింద చోటు ఖాళీగా విడువుమనియు, ఊహయని గుర్తు పెట్టుమనియు కోరితిని. నా కన్నులు ఇంకను బాగుగనే యున్నవి. అయినను మనుమనిని పిలిచి, ఉత్తరమును మొదటి పంక్తినుండి సంతకము వరకు రెండుమారులు బిగ్గరగా చదివించుకొని, పిమ్మట కవరులో పెట్టితిని.